తుపాకీకి సడలింపు, డిప్లొమాకు గోడ

2022 జూన్ 1న కేంద్ర మంత్రివర్గం ఒక చిన్న నిర్ణయం తీసుకుంది. దక్షిణ బస్తర్‌లోని బీజాపూర్, దంతెవాడ, సుక్మా జిల్లాల మారుమూల గ్రామాల గిరిజన యువతకు సీఆర్‌పీఎఫ్ కానిస్టేబుల్ ఉద్యోగాల్లో కనీస విద్యార్హతను పదో తరగతి నుంచి ఎనిమిదో తరగతికి తగ్గించింది. పోస్టులు 400. అర్హత తగ్గించి ఊరుకోలేదు. చేరినవారు ప్రొబేషన్ కాలంలో పదో తరగతి పాసయ్యేలా చదివించే బాధ్యతను సీఆర్‌పీఎఫ్‌కే అప్పగించింది. ముందు కొలువు, తర్వాత చదువు. జీతం ఆగదు, చదువూ ఆగదు. మూడు దశాబ్దాలకు పైగా సైన్యంలో పనిచేసినవాడిగా ఈ పద్ధతిలో నాకు కొత్తేమీ కనిపించలేదు. సైన్యం తరతరాలుగా చేస్తున్నది ఇదే.

వింతగా తోచింది మరొకటి. అదే సుక్మా జిల్లా కుర్రాడు తుపాకీ వద్దు, లెవెల్ మిషన్ పట్టుకుంటానంటే, అంటే పాలిటెక్నిక్ డిప్లొమాతో సబ్ ఇంజినీరుగా చేరి పనిచేస్తూనే ఇంజినీరింగ్ డిగ్రీ తెచ్చుకుంటానంటే, అతడి కోసం ఇలాంటి ఏర్పాటేదీ లేదు. బస్తర్‌లో కాల్పుల మోత తగ్గుతున్న ఈ సమయంలో ఈ లోటును విద్యాశాఖ వ్యవహారంగా వదిలేయడం పొరపాటు. ఇది భద్రతకు సంబంధించిన విషయం. ఎందుకో చెప్పడానికి తోంగ్‌పాల్ దాకా వెళ్లాలి.

విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం దగ్గర 30వ నంబరు జాతీయ రహదారి ఎక్కి కొత్తగూడెం, భద్రాచలం, చింతూరు దాటితే కుంట దగ్గర ఛత్తీస్‌గఢ్ మొదలవుతుంది. సుక్మా దాటాక, దర్భా ఘాట్ ఇంకా రాకముందు వచ్చే చిన్న ఊరు తోంగ్‌పాల్. 2013 మే 25న సుక్మాలో సభ ముగించుకుని జగదల్‌పూర్ వైపు బయల్దేరిన కాంగ్రెస్ నేతల కాన్వాయ్ ఈ ఊరు దాటాకే ఝీరం లోయలో మావోయిస్టుల చేతికి చిక్కింది. పది నెలలు తిరక్కముందే, 2014 మార్చి 11న, తోంగ్‌పాల్ సమీపంలోని టహక్‌వాడా దగ్గర 11 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు, నలుగురు రాష్ట్ర పోలీసులు మరణించారు. దారిన పోయే పౌరుడొకరు కూడా బలయ్యారు. ఆ పదిహేను మంది కూంబింగ్‌కు వెళ్లినవారు కాదు. రహదారి పనులు చేస్తున్న కూలీలకు, యంత్రాలకు కాపలాగా వెళ్లినవారు.

అంటే ఆ రోజు అక్కడ లక్ష్యం రోడ్డు. ఈ మాట పత్రికల్లో చాలాసార్లు వచ్చింది గానీ దాని సాంకేతిక అర్థం గురించి మాట్లాడినవారు తక్కువ. మట్టిరోడ్డు మీద మందుపాతర పెట్టాలంటే రాత్రికి రాత్రి గొయ్యి తవ్వి పూడ్చేయవచ్చు. ఒక్క వాన పడితే ఆనవాలు కూడా మిగలదు. తారు వేశాక పైపొర తవ్వితే మచ్చ కనిపిస్తుంది. కాబట్టి పెట్టేవాడు రోడ్డు అంచుకు వెళ్తాడు, అక్కడినుంచి అడ్డంగా సొరంగం తవ్వుతాడు, లేదా కల్వర్టు తూములో దూరతాడు. ఉదయాన్నే దారి తనిఖీకి వెళ్లే జవాన్లు డిటెక్టర్‌తో, కుక్కతో ఆ తూములన్నీ చూసుకుంటూ పోతారు. ఎండలో, బరువుతో, కిలోమీటర్ల కొద్దీ. అయినా ఒక కల్వర్టు పక్కగోడలో ఏ రాయి కదిలిందో, ఏ గట్టు మట్టి కొత్తగా పోసిందో అందరికంటే ముందు పసిగట్టగలిగేది దాన్ని కట్టించినవాడు. ఆ మనిషి పేరు ప్రభుత్వ కాగితాల్లో సబ్ ఇంజినీరు. మన దగ్గర ఏఈ అంటాం.

2016 డిసెంబరులో కేంద్రం వామపక్ష తీవ్రవాద ప్రాంతాల కోసం ప్రత్యేక రహదారుల పథకం ఆమోదించింది. 44 జిల్లాల్లో సుమారు 5,400 కిలోమీటర్లు, వంతెనలు అదనం. డబ్బుకు లోటు లేదు. బలగాలకూ లోటు లేదు. కరువు ఎక్కడంటే, ఆ రోడ్డు పక్కన పదేళ్లు నిలబడే సాంకేతిక మనిషి దగ్గర. దూరపు నగరాల నుంచి వచ్చిన సబ్ ఇంజినీరు మొదటి రోజు నుంచే బదిలీ కోసం ఎదురుచూస్తాడు. అతణ్ని తప్పు పట్టలేం. 2021 నవంబరులో బీజాపూర్ జిల్లాలో గ్రామీణ సడక్ యోజన పని చూడటానికి వెళ్లిన ఒక సబ్ ఇంజినీరును మావోయిస్టులు పట్టుకుపోయారు. ఆయన భార్య చిన్నబిడ్డను వెంటబెట్టుకుని అడవిలోకి వెళ్లి వేడుకుంది. కొద్ది రోజులకు ఆయన ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ వార్త చదివిన ఏ ఇల్లాలు తన భర్తను సుక్మా పోస్టింగుకు సంతోషంగా పంపుతుంది?

గోండి, హల్బీ, దోర్లీ మాట్లాడే స్థానిక యువకుడైతే ప్రమాదం లేదని నేను అనను. అతడికీ ఉంటుంది, కొన్నిసార్లు ఎక్కువే ఉంటుంది. కానీ అతడు ఆ ఊరి మనిషి. రోడ్డు వల్ల ఎవరి పొలం పోతోందో, ఏ వాగు ఆగస్టులో ఎంత ఎత్తుకు వస్తుందో అతడికి చెప్పనక్కర్లేదు. అలాంటివాళ్లు పది, ఇరవై మంది కాదు, వందల్లో కావాలి. వాళ్లు బీటెక్ పూర్తిచేసుకుని ఇరవై రెండేళ్లకు వస్తారని కూర్చుంటే రారు. సల్వాజుడుం రోజుల్లో బడులు కూలిపోయి, రోడ్డు పక్కన పోర్టా క్యాబిన్ హాస్టళ్లలో చదువుకున్న తరం అది. ఆ ఇళ్లలో పదో తరగతి దాటి లెక్కలు, సైన్సు పట్టుకున్న పిల్లవాడే అరుదు. అతడికి మూడేళ్ల డిప్లొమా అందుతుంది. నాలుగేళ్ల డిగ్రీ, అదీ సంపాదన లేకుండా, అందదు.

అమెరికాలో దీనికి ఒక దారి ఎప్పటినుంచో ఉంది. రెండేళ్లు చదివితే అసోసియేట్ డిగ్రీ. దానితో సాంకేతిక ఉద్యోగంలో చేరవచ్చు, తర్వాత వీలునుబట్టి మిగతా భాగం చదివి బ్యాచిలర్ డిగ్రీ పూర్తిచేసుకోవచ్చు. వాళ్ల వాయుసేన 1972లో ఏకంగా సొంత కమ్యూనిటీ కాలేజీయే పెట్టుకుంది. విమానం ఇంజను విప్పి బిగించడం నేర్చుకున్న సైనికుడి శిక్షణకు అక్కడ క్రెడిట్లు వస్తాయి, అవి అసోసియేట్ డిగ్రీగా మారతాయి. మన దగ్గర ఆ ఆలోచన రాలేదనుకోవద్దు. 2009 ప్రాంతంలో సైన్యం ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయంతో కలిసి జ్ఞాన్‌దీప్ అనే పథకం మొదలుపెట్టింది. రెజిమెంటల్ సెంటర్లలో జవాన్లు పొందే శిక్షణనే లెక్కలోకి తీసుకుని అసోసియేట్ డిగ్రీ ఇవ్వాలన్నది ఉద్దేశం. ఆలోచన మంచిది. కానీ కొన్నేళ్లకే ఆ విశ్వవిద్యాలయం తన కమ్యూనిటీ కాలేజీల వ్యవస్థనే పక్కన పెట్టింది. అసోసియేట్ డిగ్రీ అనే మాట మన ఉద్యోగ నోటిఫికేషన్లలో కాలూనకుండానే పోయింది.

దానికంటే పాత దారి ఒకటుండేది. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ వారి ఏఎంఐఈ. కాలేజీకి వెళ్లకుండా, ఉద్యోగం చేసుకుంటూ, పేపరు తర్వాత పేపరు రాసి సాధించే అర్హత. ఇంజినీరింగ్ డిగ్రీతో సమానంగా ప్రభుత్వం గుర్తించేది. మా యూనిట్లో ఒక హవల్దార్ ఉండేవాడు, గుంటూరు వైపువాడు. రోజంతా బెయిలీ వంతెన ప్యానెళ్లు మోయించి, రాత్రి టెంటులో పెట్రోమాక్స్ దగ్గర పుస్తకం తెరిచేవాడు. ఏటా సెలవును పండగకు కాకుండా పరీక్షకు వాడుకునేవాడు. ఏడెనిమిదేళ్లు పట్టింది, కానీ సాధించాడు. సైన్యంలో, ఎంఈఎస్‌లో, రైల్వేలో, సింగరేణిలో ఇలాంటివాళ్లు ఎందరో. 2013 మే 31 తర్వాత నమోదైనవారికి ఆ గుర్తింపు తీసేశారు. ప్రమాణాలు పడిపోతున్నాయన్న వాదన ఉంది, అందులో కొంత నిజమూ ఉండవచ్చు. అయితే పాత మెట్టు పీకినప్పుడు కొత్త మెట్టు బిగించారా అన్నది నా ప్రశ్న.

దూరవిద్య బీటెక్‌ల కథ ఇంకా దారుణం. ప్రమోషన్ కోసం వేలమంది డిప్లొమా ఉద్యోగులు కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాల్లో చేరారు. 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు అనుమతులు లేని ఆ కోర్సులను తప్పుపట్టింది. 2001-05 మధ్య చేరినవారికి మళ్లీ పరీక్ష రాసుకునే అవకాశమిచ్చి, ఆ తర్వాత చేరినవారి డిగ్రీలను రద్దు చేసింది. కోర్టు చెప్పింది సబబే. ప్రయోగశాల లేకుండా ఇంజినీరును తయారుచేయడం కుదరదు. అయినా పదేళ్లు ఆ కోర్సులను నడవనిచ్చినవారికి ఏమీ కాలేదు. నష్టపోయింది నడివయసులో ఫీజులు కట్టి చదువుకున్న ఉద్యోగి.

2023-24 నుంచి ఏఐసీటీఈ ఉద్యోగుల కోసం ప్రత్యేక బీటెక్ తరగతులను అనుమతిస్తోంది. సాయంత్రాలు, సెలవు రోజులు, అసలైన కాలేజీ, అసలైన ల్యాబు. ఇది సరైన అడుగే. హైదరాబాద్, విశాఖ, పుణె లాంటి నగరాల్లో పనిచేసేవారికి వరమే. కాకపోతే మొదట పెట్టిన నిబంధన ప్రకారం ఉద్యోగి పనిచేసే చోటు కాలేజీకి 50 కిలోమీటర్ల లోపు ఉండాలి. జగదల్‌పూర్‌లో 1983 నుంచి ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. దక్షిణ బస్తర్ మొత్తానికీ పెద్దదిక్కు అదే. కుంటలోనో కిష్టారంలోనో పనిచేసే సబ్ ఇంజినీరు తన చుట్టూ ఆ వృత్తం గీసుకుంటే అందులో పడేది చాలావరకు అడవే. దూరం ఇంకాస్త పెంచినా సాయంత్రం అయిదింటికి డ్యూటీ దిగి, ఘాట్ రోడ్డు ఎక్కి తరగతికి వెళ్లి తిరిగి రావడం కలలో మాట. నిబంధన రాసినవారు నగరాన్ని మనసులో పెట్టుకుని రాశారు. ఇలాంటి ప్రాంతాలకు మరో పద్ధతి కావాలి: వానాకాలంలో పనులు ఆగిపోయే మూడు నాలుగు నెలలు జీతంతో జగదల్‌పూర్ హాస్టల్లో ఉంచి చదివించాలి, మిగతా ఏడాది సైటులో చేసిన పనికే క్రెడిట్లు ఇవ్వాలి. 2020 జాతీయ విద్యావిధానంలో మధ్యలో ఆపి మళ్లీ చేరే వీలు, క్రెడిట్లు దాచుకునే బ్యాంకు ఉన్నాయి. పునాది ఉన్నప్పుడు గోడ లేపడానికి అడ్డేమిటో అర్థం కాదు.

కాగితం మీద చూస్తే మెట్లన్నీ ఉన్నట్టే ఉంటాయి. 2011లో తీవ్రవాద ప్రభావిత 34 జిల్లాలకు ఒక్కో ఐటీఐ, రెండేసి నైపుణ్య కేంద్రాలు మంజూరయ్యాయి. తర్వాత జిల్లాల సంఖ్య పెరిగింది. ఐటీఐ పాసైనవాడు పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. పాలిటెక్నిక్ పాసైనవాడు బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. మన తెలుగు రాష్ట్రాల్లో ఎందరో ఆర్టీసీ కండక్టర్లు, చిన్న రైతులు తమ పిల్లల్ని పాలీసెట్, ఆ తర్వాత ఈసెట్ రాయించి ఇదే దారిలో ఇంజినీర్లను చేశారు. లోకజ్ఞానం ఉన్న తల్లిదండ్రులు ఇంటర్ కార్పొరేట్ ఫీజుల బాధ తప్పించుకోవడానికి కనిపెట్టిన దారి ఇది. బస్తర్‌లో అది ఆగిపోయేది ఒక్క చోటే. ప్రతి మెట్టు దగ్గరా ఉద్యోగం వదిలేయాలి. నెలకు పదిహేను వేలు ఇంటికి పంపుతున్న కొడుకు మూడేళ్లు పంపనంటే ఆ ఇల్లు గడవదు.

సైన్యం ఈ చిక్కును ఎప్పుడో విప్పింది. మేం డెహ్రాడూన్ అకాడమీలో శిక్షణ పొందుతున్నప్పుడు పక్కనే ఆర్మీ కేడెట్ కాలేజీ వింగ్ ఉండేది, ఇప్పటికీ ఉంది. సిపాయిలుగా చేరి, కొన్నేళ్లు పనిచేసి, పరీక్ష నెగ్గిన జవాన్లు అక్కడ మూడేళ్లు చదివి జేఎన్‌యూ డిగ్రీ తీసుకుంటారు. ఆ తర్వాత ఏడాది మాతో సమానంగా శిక్షణ పొంది లెఫ్టినెంట్లవుతారు. వాళ్లను సైన్యం రాజీనామా చేసి రమ్మనదు. మ్యాపు చదవడంలో, రాత్రి మార్చిలో, మనుషుల్ని నడిపించడంలో వాళ్లు మాకంటే ముందుండేవారు. ఇంగ్లిష్ వ్యాసంలో మేం ముందుండేవాళ్లం. పని తెలిసినవాడికి చదువు జోడిస్తే ఏమవుతుందో నాకు అక్కడే తెలిసింది.

అభ్యంతరాలు లేకపోలేదు. స్థానికుణ్ని స్థానికంగానే ఉంచితే కాంట్రాక్టరుతో కుమ్మక్కవుతాడని ఒక మాట. బయటివాడు కుమ్మక్కవడా? కొలతల పుస్తకం తనిఖీకి వేరే పద్ధతులున్నాయి, వాటిని వాడాలి. ఉద్యోగం దొరికాక ఎవరు చదువుతారన్నది రెండోది. అందరూ చదవరు, నిజమే. చదవనివారు మంచి సబ్ ఇంజినీర్లుగానే రిటైరవుతారు, అందులో నష్టమేమీ లేదు. నన్ను నిజంగా ఆలోచనలో పడేసేది మూడో విషయం: డిగ్రీ ఉన్నవారి నిరుద్యోగం. బీటెక్ చేసినవారే డిప్లొమా స్థాయి పోస్టులకు పోటీ పడుతున్నారు. అర్హత ఎక్కువున్నవారిని కాదనడం ఎలాగన్నది కోర్టుల దాకా వెళ్లే ప్రశ్న. కానీ రాయ్‌పూర్ బీటెక్ కుర్రాడు మార్కుల్లో ముందుండి సుక్మా పోస్టు సంపాదించి, రెండేళ్లలో బదిలీ చేయించుకుంటే ఖాళీ మళ్లీ ఖాళీయే. బస్తర్ డివిజన్‌లో సబ్ ఇంజినీరు పోస్టుల్లో ఒక గట్టి వాటాను స్థానిక డిప్లొమా యువతకు, పదేళ్లు అక్కడే పనిచేసే షరతుతో, ఆ పదేళ్లలో డిగ్రీ చదివించే హామీతో కేటాయించడం తప్ప నాకు మరో మార్గం తోచడం లేదు. సీఆర్‌పీఎఫ్ 400 పోస్టులకు చేయగలిగినది ప్రజాపనుల శాఖకు అసాధ్యమేమీ కాదు.

రోడ్ల మాటే కాదు. తోంగ్‌పాల్ చుట్టుపక్కల తగరపు ఖనిజం ఉంది. దేశంలో తగరం ఖనిజాన్ని తీసే రాష్ట్రం ఛత్తీస్‌గఢ్ ఒక్కటే. గిరిజనులు వాగుల్లో ఇసుక కడిగి నల్లటి బరువైన గింజలు ఏరి రాష్ట్ర ఖనిజ సంస్థకు అమ్ముతారు. ఆ గింజల్లో తగరం పాళ్లు ఎంతో తేల్చే పరీక్ష డిప్లొమా చదివిన మనిషి చేయగలిగిన పని. అది ఆ ఊరి పిల్లే చేస్తే తూకం మీద, ధర మీద అనుమానాలు సగం తగ్గుతాయి. జగదల్‌పూర్ పక్కన నగర్నార్ ఉక్కు కర్మాగారం 2023లో ఉత్పత్తి మొదలుపెట్టింది. బైలదిలా గనులు అరవయ్యో దశకం నుంచి నడుస్తున్నాయి. బస్తర్ నేలలో ఉన్న సంపదకు, బస్తర్ పిల్లలకు మధ్య ఇంతకాలం నిలిచిన దూరంలో చాలా భాగం సాంకేతిక చదువుదే.

సాంకేతిక చేతుల విలువ అవతలి పక్షానికి మనకంటే ముందే తెలుసు. 2025 మే 21న నారాయణపూర్ అడవుల్లో చనిపోయిన మావోయిస్టు ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు వరంగల్ ఆర్‌ఈసీలో చదివిన ఇంజినీరు. 2006లో మహబూబ్‌నగర్, ప్రకాశం జిల్లాల్లో దొరికిన రాకెట్ లాంచర్ల భాగాలు తయారైంది ఏ ఆయుధ కర్మాగారంలోనో కాదు, చెన్నై అంబత్తూరులోని మామూలు వర్క్‌షాపుల్లో. లేత్ మిషన్ తిప్పేవాడి సర్టిఫికెట్ ఎవరూ అడగలేదు.

ఇందులో మన వాటా కూడా ఉంది. 2005 తర్వాత సుక్మా, బీజాపూర్ పల్లెల నుంచి ప్రాణాలరచేత పట్టుకుని వచ్చిన గొత్తికోయలు భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. ఇక్కడ పుట్టిన వారి పిల్లలు ఇప్పుడు పదో తరగతి వయసులో ఉన్నారు. భద్రాచలంలో గిరిజన విద్యార్థుల కోసం ప్రభుత్వ గురుకుల పాలిటెక్నిక్ ఉంది. కానీ తెలంగాణలో వీరికి ఎస్టీ గుర్తింపు లేదు. సరిహద్దుకు అటు గిరిజనుడైనవాడు ఇటు ఏమీ కాడు. పోడు భూముల తగాదాల్లో ప్రభుత్వానికి ఇబ్బందులున్నాయని తెలుసు. భూమి హక్కుతో ముడిపెట్టకుండా, కేవలం పాలిటెక్నిక్, ఐటీఐ సీట్ల వరకు వీరికి ప్రత్యేక కోటా ఇవ్వడానికి ఆ ఇబ్బందులు అడ్డు కావు. తెలుగూ గోండీ రెండూ వచ్చిన ఆ పిల్లలు సరిహద్దుకు రెండువైపులా పనికొస్తారు.

ఇంకో సంగతి కూడా దగ్గరపడుతోంది. 2022 చివర్లో శిక్షణలో చేరిన తొలి విడత అగ్నివీరుల నాలుగేళ్లు 2026 చివరి నుంచి పూర్తవుతాయి. నలుగురిలో ముగ్గురు బయటికి వస్తారు. వారి శిక్షణకు డిగ్రీలో సగం దాకా క్రెడిట్లు ఇచ్చే కోర్సును సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇప్పటికే ప్రకటించింది. అయితే అది బీఏ, బీకాం తరహా డిగ్రీ. నాలుగేళ్లు జనరేటర్లు, వైర్‌లెస్ సెట్లు, బుల్‌డోజర్లు మరమ్మతు చేసిన కుర్రాడికి కావలసింది పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో సీటు. సికింద్రాబాద్‌లోని ఈఎంఈ సెంటర్ నుంచో, బెంగళూరులోని మద్రాస్ శాపర్స్ నుంచో బయటికొచ్చే తెలుగు కుర్రాడు ఊళ్లో సెక్యూరిటీ గార్డుగా నిలబడకుండా ఉండాలంటే రెండు రాష్ట్రాల సాంకేతిక విద్యామండళ్లు ఇప్పుడే నిబంధన మార్చాలి. ఒక్క జీవో చాలు.

తోంగ్‌పాల్ వైపు తిరిగితే, గ్రామీణ సడక్ యోజన నిబంధనల ప్రకారం రోడ్డు వేసిన కాంట్రాక్టరు ఐదేళ్లు దాని బాగోగులు చూడాలి. ఆ తర్వాత అది రాష్ట్రం నెత్తిన పడుతుంది. జవాన్ల ప్రాణాలు పోగొట్టుకుని వేసిన రోడ్లలో చాలావాటికి ఆ గడువు తీరిపోయింది, మిగతావాటికి తీరుతోంది. బలగాల శిబిరాలు ముందుకు జరుగుతున్న కొద్దీ వెనక రోడ్ల మీద కాపలా పలచబడుతుంది. జూన్ రెండో వారానికి అక్కడ వాన మొదలవుతుంది. ఆలోపు ప్రతి తూములో పూడిక తీయించి, కోసుకుపోయిన గట్లకు రాళ్లు పేర్పించాలి. ఆ పని చేయించే సబ్ ఇంజినీరు కుర్చీల్లో ఎన్ని ఖాళీగా ఉన్నాయో బస్తర్ డివిజన్ కమిషనర్ లెక్క తీయించి, ఆ పక్కనే జగదల్‌పూర్ పాలిటెక్నిక్‌లో ఈ ఏడాది చివరి సంవత్సరం చదువుతున్న సుక్మా, బీజాపూర్, దంతెవాడ పిల్లల జాబితా పెట్టించుకుంటే నియామకాలు అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు.